ప్రారంభోత్సవం అయ్యాక ఆ బోరింగు ఎవరిది?

పేదల పల్లెకి మంచినీళ్లు ఇవ్వాలని ఒక చర్చి సంఘం తీర్మానించుకుంటే కానుకలు పోగవుతాయి, రిగ్గు లారీ వస్తుంది, ఒకటి రెండు రోజుల్లో బోరు పడుతుంది. ప్రతిష్ఠ ప్రార్థన చేసి, రిబ్బను కత్తిరించి, ఫొటోలు దిగి అందరూ ఇళ్లకి వెళ్లిపోతారు. కష్టమైన పని ఆ తర్వాతే మొదలవుతుంది. సహారా ఎడారికి దిగువనున్న ఆఫ్రికా దేశాల్లో ఏ రోజు చూసినా చేతిపంపుల్లో దాదాపు మూడో వంతు పాడైపడి ఉంటాయని 2009లో గ్రామీణ నీటి సరఫరా నెట్‌వర్క్ అంచనా కట్టింది. వాటిలో ఏ ఒక్కటీ పాడవ్వాలని ఎవరూ వేయించలేదు.

సంఘం తరఫునో సేవాసంస్థ తరఫునో నీళ్ల పని, మరుగుదొడ్ల పని నెత్తికెత్తుకునేవాళ్ల కోసం రాస్తున్నాను. ఎన్ని బోర్లు వేయించామని నివేదికల్లో రాసుకుంటాం. అయిదో ఏట వాటిలో ఎన్ని నీళ్లు పోస్తున్నాయో రాసుకున్నప్పుడే ఆ లెక్కకి విలువ.

ముందు స్థలం సంగతి. మన డబ్బుతో వేసిన బోరు మన చర్చి ఆవరణలోనే ఉంటే చూసుకోవడం తేలికని పెద్దలు అంటారు. ఆ మాటలో చెడు ఉద్దేశం ఉండదు. కానీ గేటుకి తాళం పడిన రోజున నీళ్లు ఆగిపోతాయి. ఆరాధనకి రానివాళ్లు, వేరే మతంవాళ్లు, ఊరు దూరం పెట్టినవాళ్లు బిందె పట్టుకుని ఆ గేటు దాటడానికి జంకుతారు. ఎవరూ వాళ్లని రావద్దని అనక్కర్లేదు, వాళ్లే ఆగిపోతారు. కాబట్టి బోరు అందరిదీ అయిన చోట పడాలి. స్థలం ఒకరి సొంతమైతే, ఆయన ఊరికి ఇచ్చినట్టు సాక్షుల సంతకాలతో కాగితం రాయించుకోవాలి. నోటిమాట మీద వేసిన బోరు చుట్టూ కొన్నేళ్లకి కంచె లేస్తుంది.

రెడ్‌క్రాస్, సేవాసంస్థలు కలిసి 1994లో ఒక ప్రవర్తనా నియమావళి రాసుకున్నాయి. సాయం చేసేటప్పుడు మతం, జాతి చూడకూడదని, ఏ మతాభిప్రాయాన్నీ ముందుకు తోయడానికి సాయాన్ని వాడకూడదని అందులో ఉంది. ఆ నియమావళిని తెచ్చిన సంస్థల్లో కాథలిక్కుల సేవాసంస్థ కారితాస్, లూథరన్ వరల్డ్ ఫెడరేషన్, వరల్డ్ కౌన్సిల్ ఆఫ్ చర్చెస్ ఉన్నాయి. అంటే ఇది బయటివాళ్లు మన మీద రుద్దిన షరతు కాదు, చర్చిలే తమ మీద పెట్టుకున్న కట్టుబాటు. బిందె నింపుకోడానికి వచ్చిన మనిషి చేతిలో కరపత్రం పెట్టడం, కూటానికి వచ్చినవాళ్లకే వరుసలో ముందు చోటివ్వడం మానుకోవాలి. ఎందుకు చేశారని వాళ్లంతట వాళ్లు అడిగితే అప్పుడు మనసు విప్పి చెప్పొచ్చు.

దూరాల లెక్క ఇదీ: మరుగుదొడ్డి గుంటకీ బోరుకీ మధ్య కనీసం 30 మీటర్లు ఉండాలి, బోరు వాలుకి ఎగువన ఉండాలి. ఇంటి నుంచి నీళ్ల దగ్గరికి 500 మీటర్లు దాటకూడదు. విపత్తుల్లో వాడే స్ఫియర్ ప్రమాణాలు ఒక చేతిపంపుకి 500 మంది వరకు ఒప్పుకుంటాయి గానీ, మామూలు రోజుల్లో 250, 300 మందికి ఒకటి అని లెక్క వేసుకుంటే వరుస పెరగదు, పంపూ తొందరగా అరగదు.

బోరు వేసే రోజు

ఎండాకాలం చివర, నీటిమట్టం అడుగంటినప్పుడు వేయించాలి. వానలు పడ్డాక వేసిన బోరు మొదటి ఏడు బాగానే పోసి, ఎండలు ముదిరే వేళకి గాలి కక్కుతుంది.

ఒప్పందం దగ్గర జాగ్రత్త. మొత్తం ఇంత అని గుత్తకిచ్చి, నీళ్లు పడితేనే డబ్బులు అంటే మనకి నష్టం ఉండదని అనిపిస్తుంది. రిగ్గువాళ్లకి మాత్రం మొదటి తడి తగలగానే ఆపేయడం లాభం, కేసింగ్ (బోరు గోడ కూలకుండా లోపల దింపే పైపులు) రెండు పైపులు తగ్గించడం లాభం. మీటరుకి ఇంత, కేసింగ్ పైపుకి ఇంత, పరీక్ష పంపింగుకి ఇంత అని విడివిడిగా రాసుకుని, నీళ్లు పడని బోరుకి కూడా కొంత డబ్బు ముందే పక్కన పెట్టుకోవడం మేలు. పని జరిగినంతసేపూ మన మనిషి ఒకరు రిగ్గు దగ్గర నిలబడాలి. ప్రతి మీటరుకీ పైకొచ్చిన మట్టినీ రాతిపొడినీ వరుసగా కుప్పలు పోయించాలి, ఎన్ని మీటర్ల దగ్గర నీళ్లు తగిలాయో రాసుకోవాలి, దిగిన కేసింగ్ పైపులు తనే లెక్కపెట్టాలి. చేతిపంపుకి గంటకి వెయ్యి లీటర్ల ఊట చాలు. అంటే 20 లీటర్ల బకెట్టు 70 సెకన్ల లోపు నిండాలి, కొన్ని గంటలు ఆపకుండా తోడినా అదే వేగం ఉండాలి.

అందరూ వదిలేసేది కేసింగ్ చుట్టూ ఉన్న ఖాళీ. బోరు గోడకీ కేసింగుకీ మధ్య సందులో పైనుంచి కనీసం 3 మీటర్ల లోతు దాకా సిమెంటు పాలో బెంటొనైట్ బంకమట్టో పోసి మూయాలి. రిగ్గువాళ్లు తవ్విన మట్టే తిరిగి అందులోకి తోసేసి వెళ్తే, బట్టలుతికిన నీళ్లు, పశువుల మూత్రం ఆ సందు వెంట నేరుగా కిందికి దిగుతాయి. పైనుంచి చూస్తే ఏమీ తెలియదు, పిల్లలకి మాత్రం విరేచనాలు తగ్గవు. పంపు చుట్టూ పోసే కాంక్రీటు అరుగు, అంటే చప్టా, కూడా ఇలాంటిదే. రెండు మీటర్ల వెడల్పు, చుట్టూ గట్టు, ఒక పక్కకి వాలు, అక్కడి నుంచి కొన్ని మీటర్ల కాలువ, చివర ఇంకుడు గుంత. కాంక్రీటు పోశాక కనీసం ఏడు రోజులు తడపాలి, అప్పటిదాకా పంపు వాడనివ్వకూడదు. ప్రారంభోత్సవం తేదీ ముందే వేసేసుకుని మూడో రోజునే పంపు కొట్టించిన చోట చప్టా పగుళ్లు తీస్తుంది.

తర్వాత బోరుని శుద్ధి చేయాలి. లెక్క కష్టం కాదు. బోరు వ్యాసం 150 మిల్లీమీటర్లు, లోపల నిలిచిన నీటి ఎత్తు 30 మీటర్లు అనుకుంటే, అందులో దాదాపు 530 లీటర్లు ఉంటాయి. లీటరుకి 100 మిల్లీగ్రాముల క్లోరిన్ చొప్పున 53 గ్రాములు కావాలి. 70 శాతం బలమున్న కాల్షియం హైపోక్లోరైట్ అయితే 76 గ్రాములు. దాన్ని బకెట్టు నీళ్లలో కలిపి, తేరిన నీటిని బోరులో పోసి, పంపులోంచి క్లోరిన్ వాసన వచ్చేదాకా కొట్టి, రాత్రంతా వదిలేయాలి. మర్నాడు వాసన పోయేవరకు తోడి పారబోయాలి. ఆ నీళ్లు చెరువులోకీ మొక్కల్లోకీ పోనివ్వకూడదు. బ్లీచింగ్ పౌడర్ వాడితే దాని బలం తక్కువ, పాత సంచీ అయితే ఇంకా తక్కువ. పరీక్షించకుండా డబ్బా మీద రాసిన అంకెని నమ్మకండి.

తేటగా ఉంటే చాలదు

బంగ్లాదేశ్‌లో చెరువు నీళ్లు తాగి పిల్లలు చనిపోతున్నారని 1970ల నుంచి లక్షల్లో గొట్టపు బావులు వేశారు. ఆ నీటిలో ఆర్సెనిక్ అనే విషం ఉందని అక్కడ 1993లో బయటపడింది. అప్పటికే జనం ఏళ్ల తరబడి తాగారు. నీళ్లు తేటగా, చల్లగా, రుచిగానే ఉండేవి. అందుకే కొత్త బోరుని ఊరికి అప్పగించేముందు ప్రయోగశాల నివేదిక చేతిలో ఉండాలి. ఆర్సెనిక్ లీటరుకి 0.01 మిల్లీగ్రాము, ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు, నైట్రేట్ 50 మిల్లీగ్రాములు దాటకూడదు. 100 మిల్లీలీటర్ల నీటిలో మలం కలిసిందని చెప్పే ఈ.కోలై బాక్టీరియా ఒక్కటి కూడా ఉండకూడదు. ఇవి ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దులు. నివేదిక బాగోలేకపోతే పంపు బిగించకూడదు, ఎంత డబ్బు పెట్టినా సరే. దాతలకి ఉన్నదున్నట్టు చెప్పడమే నిజాయితీ.

నివేదికలో ఇంకో అంకె ఉంటుంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు: నీటిలో ఆమ్లగుణం ఎంతో చెప్పే పీహెచ్. అది 6.5 కంటే తక్కువైతే జీఐ పైపులు (జింకు పూత వేసిన ఇనుప పైపులు) వాడకూడదు. ఆమ్లం ఎక్కువున్న నీళ్లు జింకు పూతని తినేసి ఇనుముని కరిగిస్తాయి. పొద్దున్నే మొదటి బిందె ఎర్రగా వస్తుంది, అన్నం రంగు మారుతుంది, తెల్లబట్టలకి మరకలు పడతాయి. నీళ్లలో క్రిములు లేకపోయినా ఆడవాళ్లు ఆ పంపు వదిలేసి మళ్లీ పాత చెరువుకే పోతారు. వాళ్లకి అవగాహన లేదనుకుంటాం, తప్పు మాత్రం పైపుది. అలాంటి చోట స్టెయిన్‌లెస్ స్టీలుగానీ, ఆ లోతుకి తగిన యూపీవీసీ అనే గట్టి ప్లాస్టిక్‌గానీ వేయాలి.

పంపు, దాని జబ్బులు

ఇవాళ ఎన్నో దేశాల్లో కనిపించే ఇండియా మార్క్ 2 చేతిపంపు వెనుక క్రైస్తవ మిషన్ల చేతిపని ఉంది. అంతకుముందు వాడిన పోతఇనుము పంపులు ఒక్క ఇంటి వాడకానికి చేసినవి. పొద్దుట్నుంచీ రాత్రిదాకా ఊరంతా కొడితే విరిగిపోయేవి. మహారాష్ట్రలోని జాల్నా, షోలాపూర్‌లలో క్రైస్తవ మిషన్ల నీటి పథకాల్లో పనిచేసినవాళ్లు ఉక్కుతో, ఒకే ఇరుసు మీద తిరిగే హ్యాండిల్‌తో గట్టి పంపులు తయారుచేశారు. షోలాపూర్ పంపు నమూనాని ఆధారం చేసుకునే యూనిసెఫ్ తోడ్పాటుతో ఇండియా మార్క్ 2 రూపుదిద్దుకుంది, 1970ల చివరికి పెద్దయెత్తున తయారీ మొదలైంది. దాతృత్వానికి ఇంజినీరింగు బుద్ధి తోడైతే ఏం జరుగుతుందో చెప్పడానికి నాకు ఇంతకంటే మంచి ఉదాహరణ తెలియదు.

మార్క్ 2లో 32 మిల్లీమీటర్ల జీఐ పైపులు, 12 మిల్లీమీటర్ల రాడ్లు, అడుగున పిస్టన్ ఆడే, ఇత్తడి లోపొర ఉన్న సిలిండర్ ఉంటాయి. పైపులూ రాడ్లూ మూడేసి మీటర్ల ముక్కలు. సిలిండర్లో వాషర్ అరిగితే మొత్తం పైపులన్నీ పైకి లాగాల్సిందే. అందుకు నలుగురైదుగురు మనుషులు, పైపు క్లాంపులు, పట్టే పరికరాలు కావాలి. దాని తర్వాతి రకం మార్క్ 3లో పైపు లావు, కాబట్టి రాడ్లతో పాటు పిస్టన్ని పైపులోంచే బయటికి తీయొచ్చు. నీటిమట్టం బాగా లోతు కాని చోట మార్క్ 3 ఎంచుకుంటే ఊళ్లోవాళ్లే మరమ్మతు చేసుకోగలరు. ఏది వేసినా, విడిభాగాలు ఆ ఊరికి దగ్గరలో దొరికేదే వేయాలి. విమానంలో తెచ్చిన అందమైన విదేశీ పంపు ఒక్క రబ్బరు వాషర్ దొరక్క మూలపడుతుంది.

జబ్బు పట్టుకోవడం ఊళ్లో ఇద్దరికైనా నేర్పాలి, అందులో ఒకరు స్త్రీ అయితే మంచిది. రోజూ పంపు దగ్గర ఉండేది ఆమే. హ్యాండిల్ తేలిగ్గా ఆడుతూ చుక్క రాకపోతే రాడ్డు ఊడిందో విరిగిందో అని అర్థం. హ్యాండిల్ బరువుగానే ఉండి నీళ్లు రాకపోతే నీటిమట్టం సిలిండర్ కిందికి పోయిందేమో చూడాలి. హ్యాండిల్ పక్కలకి ఊగుతుంటే బేరింగులు అరిగాయి, లేదా ఇరుసు నట్టు వదులైంది. కిర్రుమంటే గొలుసుకి గ్రీజు లేదు. ధార సన్నబడితే పిస్టన్ వాషర్లు. పొద్దున్నే చాలాసేపు కొడితేగానీ నీళ్లు రాకపోతే అడుగు వాల్వో పైపు జాయింటో కారుతోంది.

ఈ చివరిదానికి ఒక పరీక్ష ఉంది: నీళ్లు వచ్చేదాకా కొట్టి, అరగంట ఎవరినీ ముట్టుకోనివ్వకుండా ఆపి, మళ్లీ కొట్టాలి. అయిదు దెబ్బల్లోపు నీళ్లు వస్తే ఫరవాలేదు, దాటితే కారుతున్నట్టే. ఇంకోటి, నిమిషంలో 40 నిండు దెబ్బలు కొట్టి బకెట్టులో కొలవాలి. 10 లీటర్లకి తగ్గితే వాషర్లు మార్చే వేళైంది. పంపు పూర్తిగా ఆగిపోయేదాకా చూడకుండా ఇప్పుడే మార్చేస్తే ఒక్క పూట పని.

చప్టా మీద దాతల పేర్లు చెక్కించడం మామూలే. కుడిచెయ్యి చేసేది ఎడమచేతికి తెలియకూడదన్న ప్రభువు మాట అలా ఉంచితే, అదే చోట బోరు లోతు, నీటిమట్టం, కేసింగ్ లోతు, ఎన్ని పైపులు దింపారు, వేసిన తేదీ చెక్కిస్తే పదేళ్ల తర్వాత వచ్చే మెకానిక్‌కి అది నిజంగా ఉపయోగపడుతుంది. కాగితాలు పోతాయి, సిమెంటు మీద రాత ఉంటుంది.

కమిటీలో ఏడుగురు చాలు, సగం మంది ఆడవాళ్లు ఉండాలి. పాస్టర్‌గారు అధ్యక్షుడు కాకపోవడమే మంచిది. ఆయన బదిలీ అయితే కమిటీ చెదిరిపోతుంది, ఆయన ఉన్నన్నాళ్లూ లెక్క అడగడానికి ఎవరికీ నోరు రాదు. ప్రతి ఇంటి నుంచీ నెలకి కొంత, ఎంత చిన్న మొత్తమైనా సరే, పంపు కొత్తగా ఉన్నప్పుడే మొదలుపెట్టాలి. పాడయ్యాక వసూలు చేద్దామంటే అప్పటికి సగం ఇళ్లు వేరే నీళ్లకి అలవాటు పడతాయి. ఇవ్వలేని వితంతువులు, ఎవరూ లేని ముసలివాళ్లు ఎవరెవరో కమిటీయే తేల్చి వాళ్లకి మినహాయింపు ఇవ్వాలి. లెక్కలు నెలకోసారి బహిరంగంగా చదవాలి.

పంపు నుంచి నోటి దాకా

పంపు దగ్గర శుభ్రంగా ఉన్న నీళ్లు బిందెలో ముంచిన చేతితో పాడవుతాయి. మూతి సన్నగా ఉండి, మూత, కుళాయి ఉన్న డబ్బా వాడితే ఈ గొడవ చాలావరకు పోతుంది. అనుమానం ఉన్న నీటికి ఇంట్లోనే క్లోరిన్ కలపొచ్చు: 1 శాతం ద్రావణం అయితే 20 లీటర్లకి 4 మిల్లీలీటర్లు, మురికిగా ఉంటే గుడ్డతో వడకట్టి 8 మిల్లీలీటర్లు. అరగంట ఆగి తాగాలి.

బోరుకి వీలులేని చోట క్రైస్తవ సంస్థలు ఎక్కువగా పంచేది బయోశాండ్ ఫిల్టర్. కాల్గరీ విశ్వవిద్యాలయంలో డేవిడ్ మాంజ్ రూపొందించినది. కాంక్రీటు పెట్టెలో అడుగున గులకరాళ్లు, వాటి మీద సన్న గులక, పైన 0.7 మిల్లీమీటర్ల కంటే సన్నని, బాగా కడిగిన ఇసుక. నీళ్లు పోయడం ఆపాక ఇసుక మీద 5 సెంటీమీటర్ల నీరు నిలవాలి. ఇది మరీ ముఖ్యం. ఇసుక పైపొరలో పెరిగే సూక్ష్మజీవులే క్రిముల్ని తింటాయి, వాటికి ఊపిరాడాలంటే నీటి లోతు అంతకు మించకూడదు, ఎండిపోనూ కూడదు. ఆ పొర తయారవడానికి 30 రోజుల దాకా పడుతుంది. అప్పటిదాకా క్లోరిన్ కలిపే తాగాలి. ఒకసారి పోశాక కనీసం గంట ఆగాలి, రెండు రోజులు దాటనివ్వకూడదు. ధార నిమిషానికి 0.4 లీటరు. అంతకంటే వేగంగా వస్తే ఇసుక ముతకైందని అర్థం, సరిగా వడకట్టదు. క్లోరిన్ కలిపిన నీళ్లు ఫిల్టర్లో పోస్తే పొర చచ్చిపోతుంది. క్లోరిన్ ఎప్పుడూ వడకట్టాకే, కింది డబ్బాలో. ఇక ఉప్పు, ఫ్లోరైడ్, ఆర్సెనిక్ లాంటి కరిగిన వాటిని మామూలు బయోశాండ్ తీయదు. తీస్తుందని చెప్పి పంచడం పాపం.

మరుగుదొడ్డి

నీళ్లకి దాతలు దొరికినంత తేలిగ్గా దీనికి దొరకరు. మలం నేల మీద ఉన్నంతకాలం పైన ఎన్ని బోర్లు వేసినా రోగం తిరిగి వస్తుంది. ద్వితీయోపదేశకాండం 23వ అధ్యాయంలో పాళెం బయట గుంట తవ్వి కప్పిపెట్టమన్న ఆజ్ఞ ఉంది; సంఘంలో ఈ మాట ఎత్తడానికి మొహమాటపడేవాళ్లు అక్కడి నుంచి మొదలుపెట్టొచ్చు.

నీళ్లతో కడుక్కునే అలవాటుండి, నేల నీటిని పీల్చే రకమైతే రెండు గుంటల మరుగుదొడ్డే మేలు. వాలు బాగా ఉన్న బేసిన్, వాసన పైకి రాకుండా 20 మిల్లీమీటర్ల నీటి అడ్డుతో ట్రాప్ (వంపు గొట్టం), లీటరున్నర రెండు లీటర్లు పోస్తే పోయేలా. అక్కడి నుంచి జంక్షన్ గదిలోకి, దాన్నుంచి రెండు గుంటలకి రెండు దారులు. ఒక దారి ఎప్పుడూ మూసి ఉండాలి. అయిదుగురున్న ఇంటికి మీటరు వ్యాసం, పైపు కింద మీటరు లోతు చాలు: 785 లీటర్లు పడుతుంది, మనిషికి ఏటా 40, 45 లీటర్లు చేరినా మూడేళ్లకి పైగా వస్తుంది. నిండాక దారి రెండో గుంటకి మార్చి, మొదటిదాన్ని రెండేళ్లు ముట్టుకోకూడదు. అప్పటికి అది వాసన లేని మట్టి అవుతుంది, పారతో తీసి పొలంలో వేసుకోవచ్చు.

చెడేది ఎక్కడంటే, మేస్త్రీ మంచి పని చేస్తున్నాననుకుని గుంట లోపల అంతా ప్లాస్టరు చేస్తాడు, అడుగున కాంక్రీటు వేస్తాడు. నీరు ఇంకడానికి దారి లేక ఆరు నెలల్లోనే పొంగుతుంది. గోడకి ఇటుకల మధ్య సందులు వదలాలి, అడుగు మట్టిగానే ఉండాలి. రెండో తప్పు, జంక్షన్లో రెండు దారులూ తెరిచి వదిలేయడం. రెండు గుంటలూ ఒకేసారి నిండి, పచ్చి మలం తీయడానికి ఎవరో ఒక పేదవాడిని దింపుతారు. గుంటలోకి మనిషిని దింపకూడదు, విషవాయువుతో ప్రాణాలు పోతాయి, మనిషి గౌరవమూ పోతుంది. మూడో తప్పు, చూడ్డానికి బాగుందని పట్నం బేసిన్ బిగించడం. ఒక్కోసారీ బకెట్టు నీళ్లు మోసుకురావలసి వస్తే ఇంట్లో ఆడవాళ్లే మొదట వాడడం మానేస్తారు. గుంటల మధ్య కనీసం ఒక మీటరు ఎడం, గుంట అడుక్కీ భూగర్భ నీటిమట్టానికీ మధ్య కనీసం మీటరున్నర ఉండాలి. నీరు పైకే ఉన్న నేలలో గుంటని నేల మీదికి లేపి కట్టాలి.

నీళ్లు కరువైన చోట గాలిగొట్టమున్న పొడి మరుగుదొడ్డి. గొట్టం 110 నుంచి 150 మిల్లీమీటర్లు, కప్పుకి అరమీటరు పైకి, కొసకి జాలీ, లోపల చీకటి. ఈగలు వెలుతురు వైపు గొట్టంలో పైకెగిరి జాలీ దగ్గర చిక్కి చస్తాయి. జాలీ చిరిగినా, గాలి కోసమని గదికి పెద్ద కిటికీ పెట్టినా ఈ ఉపాయం పనిచేయదు.

బయటికి వెళ్లేవాళ్లని ఊరందరి ముందు నిలబెట్టి సిగ్గుపరిచే పద్ధతులు కొన్నిచోట్ల నడుస్తున్నాయి. దేవుని పోలికలో చేయబడిన మనిషిని అలా చేయడం మన పని కాదు. ఇల్లు కట్టుకోడానికి చోటే లేనివాళ్లు, గుంట తవ్వలేని ముసలివాళ్లు ఉంటారు. ముందు వాళ్ల గుమ్మం దగ్గరికి వెళ్లి ఏది అడ్డమో అడగాలి. చేతులు కడుక్కునే చోటు మరుగుదొడ్డికి ఆనుకునే ఉండాలి, సబ్బు అక్కడే ఉండాలి. సబ్బుతో కడుక్కుంటే విరేచనాలు దాదాపు 30 శాతం తగ్గుతాయి, పెట్టే ఖర్చు చూస్తే ఇంత ఫలితమిచ్చేది ఇంకోటి లేదు.

పథకం డబ్బులో అయిదేళ్ల తనిఖీలకి మొదటి రోజే కొంత తీసిపెట్టాలి. వెళ్లేటప్పుడు గడియారం, బకెట్టు, హైడ్రోజన్ సల్ఫైడ్ పరీక్ష సీసాలు తీసుకెళ్లండి. సీసాలో నీళ్లు ఒకటి రెండు రోజుల్లో నల్లబడితే మలం కలుస్తోందని అనుమానించాలి. పంపు దగ్గరికి నేరుగా పోకుండా అన్నిటికన్నా దూరపు ఇంటితో మొదలుపెట్టి, ఇవాళ తాగిన నీళ్లు ఎక్కడివో అడగండి. జంక్షన్ గది మూత తీసి ఏ దారి తెరిచి ఉందో చూడండి. కమిటీ పుస్తకంలో చివరి వసూలు తేదీ చూడండి. ఈ మూడూ చూశాక 40 దెబ్బలు కొట్టి, బకెట్టులో ఎన్ని లీటర్లు పడ్డాయో ఆ పుస్తకంలోనే తేదీ వేసి రాయండి.